కండరములో దాగిన నీలిరంగు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితము

గడచిన శీతకాలములో మా విద్యార్థులను కొందరిని వెంటబెట్టుకొని ఏటికొప్పాక వెళ్ళినాము. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కబొమ్మలను గురించి పాఠములో చెప్పుటకంటె కంటికి చూపుట మేలని మా తలంపు. లేతు మీద గిరగిర తిరుగుచున్న అంకుడు కర్రకు లక్క కణికను అదిమి పట్టగానే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు కర్రను అంటుకొనుచుండగా పిల్లలు కన్నార్పక చూచినారు. పసుపు కొమ్ముల నుండి పసుపు వన్నె, జాఫ్రా గింజల నుండి ఎరుపు, నీలిమందు నుండి నీలము. ఒక పెద్దాయన రెండు నీలపు ముక్కలను వెలుగునకు ఎత్తి పట్టి, ఒకటి కొంచెము చిక్కగా దిగినదని పక్కన పెట్టినాడు. మా కంటికి ఆ రెండింటికీ భేదమే కానరాలేదు. ఈ చిన్న సంగతి ఇక్కడ ఎందుకు వ్రాసితిమో పాఠకులకు ముందు తెలియగలదు.

తిరుగు ప్రయాణములో యలమంచిలిలో బస్సు కొరకు కూర్చున్నప్పుడు, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్న ఒక కుర్రవాడు సంచిలో నుండి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి, చెంచాడు తెల్లని పొడిని నీళ్ళ సీసాలో కలుపుకొని త్రాగినాడు. అది క్రియేటిన్ అట. రోజూ సాయంకాలము బరువులెత్తు వ్యాయామశాలకు పోవువాడు. వెంటనే మిత్రుల మధ్య వాదము లేచినది. అది ఆటగాళ్ళను వెలివేయించు నిషిద్ధ మందు అని ఒకడు. పశుమాంసము నుండి తీసినది గనుక శాకాహారుల ఇంట పనికిరాదని ఒకడు. మాంసము నుండి తీసినదైన పక్షమున అది హలాలో కాదో ఎవరు చెప్పగలరని మరియొకడు. మాకు వీటన్నిటికంటె వేరొక మాట మనస్సున నాటుకొన్నది. ఇంటినుండి భోజనమునకు వచ్చిన సొమ్ములో సగము ఆ డబ్బాకే పోవుచున్నదనియు, తాను పూటకూళ్ళలో ఒక్క పూటే తినుచున్నాననియు ఆ కుర్రవాడు గర్వముగానే చెప్పినాడు.

కండరములో ఆ పదార్థము చేయు పనిని ప్రపంచమునకు మొదట విప్పి చూపినవారిలో ఒకరు మన భీమవరము బిడ్డ అని మేము చెప్పగా ఎవరును నమ్మలేదు. ఉత్తరాంధ్రలో బలమనగానే వీరఘట్టము మల్లుడు కోడి రామమూర్తిగారి పేరే నోట వచ్చును. వారిని గురించి వ్రాయుమని పిల్లలు కోరినారు కూడ. అది న్యాయమైన కోరికే. కాని రామమూర్తిగారి కీర్తిని విననివారు ఈ సీమలో లేరు. బక్కపలుచని విద్యార్థిగా, జబ్బుమనిషిగా బ్రతుకు మొదలుపెట్టి, కండబలము యొక్క మూలమునే తవ్వి చూచిన సుబ్బారావుగారిని మరచినవారే ఎక్కువ.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించినారు. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవారు. తండ్రి అనారోగ్యముచే ముందుగానే ఉద్యోగము విరమింపగా ఇంటికి ఇబ్బందులు మొదలైనవి. పదమూడేండ్ల వయసులో ఈ పిల్లవాడు చదువు చాలించి కాశీకి బయలుదేరినాడట, అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడించవలెనని. తల్లి వెనుకకు తెప్పించి మరల బడిలో కూర్చుండబెట్టినది. మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలో గట్టెక్కినారు. ఆ చదువు కొరకు వెంకమ్మగారు పుస్తెలు అమ్ముకొన్నదని ఆయన జీవితకథలలో ప్రసిద్ధి. పరీక్ష తప్పి తల వంచుకొని తిరుగు మా విద్యార్థులకు ఈ రెండు పంక్తులు చాలును.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న కాలమున రామకృష్ణ మఠము వైపు మనసు పోయి సన్యాసము పుచ్చుకొందునన్నారు. తల్లి ఒప్పుకొనలేదు. అప్పుడు వైద్యము చదివి సేవ చేయుదునని మద్రాసు వైద్య కళాశాలలో చేరినారు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహము జరిగినది. చదువునకు మామగారు చేయూతనిచ్చినారు. గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్సాలయములోనికి కూడ ఖద్దరు అంగీతో పోగా, ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది గిట్టలేదు. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టము చేజారి, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. దక్కినది. ఒక్క చొక్కా ఖరీదు అంత పడినది.

ఈలోగా ఇంటిలో పిడుగు పడినది. స్ప్రూ అను గ్రహణి వ్యాధి అన్నగారు పురుషోత్తముగారిని కబళించినది. ప్రేగులు తిన్న తిండిని పట్టుకొనలేక, రక్తము పలుచబడి, మనిషి నానాటికి శుష్కించిపోవు రోగమది. ఆనాడు దానికి వైద్యము లేదు. సుబ్బారావుగారికి కూడ అదే సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదము వలన కోలుకొన్నారు. తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రము బోధించినారు. అన్నను తిన్న వ్యాధికి మందు కనుగొనవలెనను పట్టుదల అప్పటినుండి ఆయనను వదలలేదు. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి మాట సాయము, మామగారి ధనసాయము కూడగట్టుకొని, 1920ల తొలినాళ్ళలో, చిన్నవయసు భార్యను ఇంటివద్ద విడిచి అమెరికాలోని బోస్టన్ నగరము చేరినారు.

హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశ వ్యాధుల వైద్యమున డిప్లొమా చదువు. మనదేశపు ఎల్.ఎం.ఎస్.తో అక్కడి ఆస్పత్రిలో వైద్యుడుగా పని దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడుగు కొలువు దొరికినది. పగలు చదువు, రాత్రి ఆ పని. డిప్లొమా ముగిసిన పిమ్మట జీవరసాయన శాఖలో చేరినారు. ఆ శాఖకు అధిపతి స్వీడను దేశమున పుట్టిన ఆటో ఫోలిన్. సుబ్బారావుగారికి దారి చూపిన ఆచార్యుడు సైరస్ ఫిస్కె.

ఇక్కడ క్రియేటిన్ కథను కొంచెము వెనుకనుండి ఎత్తుకొనవలెను. 1832లో ఫ్రాన్సు దేశపు షెవ్రెల్ మాంసరసములో ఒక కొత్త పదార్థమును కనుగొని, గ్రీకు భాషలో మాంసమునకున్న పేరును బట్టి దానికి క్రియేటిన్ అని నామకరణము చేసినాడు. 1847లో జర్మనీ దేశపు లీబిగ్, వేటలో పరుగెత్తించి చంపిన నక్కల మాంసములో, కట్టివేసి పెంచిన నక్కల మాంసములోకంటె అది హెచ్చుగా ఉన్నదని వ్రాసినాడు. తరువాత ఆయన పేరిట మాంససారము బుడ్లలో పెట్టి అమ్మినారు కూడ. బలమును డబ్బాలో పెట్టి అమ్ముట నిన్నమొన్నటి వ్యాపారము కాదని మా మనవి. తిన్న క్రియేటిన్ కండరములలో చేరి నిలుచునని 1910ల ఆరంభములో హార్వర్డులోనే ఫోలిన్ పిల్లులపై ప్రయోగము చేసి చెప్పినారు. ఇంతవరకు తెలిసినా, కండలో కూర్చుండి అది చేయు పని యేమో ఎవరికిని తెలియదు. కండరము పని చేయుటకు కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లము తయారగుటలోనే ఉన్నదని ఆనాటి పెద్దల సిద్ధాంతము. కండరముల మీద చేసిన కృషికి హిల్, మేయర్‌హాఫ్ అను ఇరువురికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను.

సుబ్బారావుగారికి ఫిస్కె అప్పగించిన పని చూచుటకు చిన్నది. రక్తములోను, కణజాలములోను ఉన్న భాస్వరమును కొలుచుటకు అప్పటి పద్ధతులు నెమ్మదివి, నమ్మదగనివి. వీరు ఆమ్లములో మాలిబ్డేట్ లవణము కలిపి, మరియొక రసాయనముతో దానిని క్షయకరణము చేసి, భాస్వరమున్న మేరకు నీలిరంగు పుట్టునట్లు ఏర్పాటు చేసినారు. నీలము ఎంత చిక్కనైతే భాస్వరము అంత ఎక్కువ. తెలిసిన కొలత గల ద్రావణమును పక్కన పెట్టి రెండు నీలములను పోల్చి చూచుటయే. ఏటికొప్పాక పెద్దాయన కర్రముక్కలను వెలుగునకు ఎత్తి చూచినప్పుడు మా మనస్సు బోస్టనుకు పోయినది ఇందువలననే. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అను పేరుతో నిలిచి, తరతరముల వైద్య విద్యార్థులచే ప్రయోగశాలలలో చేయింపబడినది. మేము తెలుగు చెప్పుకొనువారము. రసాయనశాస్త్రము మా విద్య కాదు. మా కళాశాల రసాయనశాస్త్ర ఉపన్యాసకుల వద్ద కూర్చుండి ఈ సంగతులు విడమరచి చెప్పించుకొన్నాము.

ఆ కొలతబద్దను కండరము మీద ప్రయోగించినప్పుడు ఒక వింత కనిపించినది. భాస్వరము ఉత్త ఫాస్ఫేటుగా ఉన్నచో నీలిరంగు చప్పున వచ్చి నిలిచిపోవలెను. కండరము నుండి తీసిన ద్రవములో రంగు ఆలస్యముగా మొదలై, నిమిషములు గడచినకొలది చిక్కబడుచు పోయినది. మరియొకరైన, పరికరములో లోపమనియో, చేతి పొరపాటనియో కొట్టివేసియుందురు. వీరు ఆ ఆలస్యమునే పట్టుకొన్నారు. కండరములో ఫాస్ఫేటు విడిగా లేదు, దేనితోనో ముడివడి యున్నది, ఆ ముడి ఆమ్లములో మెల్లగా వీడుచున్నది, వీడినకొలది నీలము పెరుగుచున్నది అని తేల్చుకొన్నారు. ముడిపడిన రెండవ పదార్థమును వెదుకగా అది క్రియేటిన్. ఒక పాలు క్రియేటినునకు ఒక పాలు ఫాస్ఫేటు. పిల్లి కండరమును విద్యుత్తుతో పని చేయింపగా ఈ సంయోగము తరిగినది. విశ్రాంతినీయగా తిరిగి పెరిగినది. 1927 ఏప్రిల్‌లో సైన్సు పత్రికలో ఈ వార్త వెలువడినది. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడ ఆ యేడే కప్ప కండరములో ఇటువంటి పదార్థమును గుర్తించి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టినారు. కాని అందులో క్రియేటిన్ ఉన్నదని నిర్ణయించిన ఖ్యాతి ఫిస్కె-సుబ్బారావులదే. అప్పటికి సుబ్బారావుగారికి ముప్పదిరెండేండ్లు.

రెండేండ్ల తరువాత, 1929లో, కండరములో ఎ.టి.పి. అను పదార్థము కూడ ఉన్నదని వీరిద్దరు ప్రకటించినారు. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ దానినే ప్రకటించుటచేత కీర్తిలో పాలు పంచుకొనవలసి వచ్చినది. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషముతో ఆపివేసినను కండరము కొంతసేపు ముడుచుకొనుననియు, ఆ సమయములో ఫాస్ఫోక్రియేటిన్ ఖర్చగుచున్నదనియు చూపినాడు. పాత సిద్ధాంతము కూలిపోయినది. భీమవరము కుర్రవాడు నీలిరంగులో పసిగట్టిన ఆలస్యము నోబెల్ బహుమానము పొందిన పెద్దల మాటను త్రోసిపుచ్చుటకు ఆధారమైనది.

విద్యార్థులకు మేము ఈ విషయమును ఇట్లు చెప్పితిమి. కండరమునకు ఎ.టి.పి. చేతిలోని చిల్లర వంటిది. గట్టిగా పని చేసిన రెండు మూడు సెకండ్లలో హరించిపోవును. అప్పుడు ఫాస్ఫోక్రియేటిన్ తన ఫాస్ఫేటును చేబదులిచ్చి ఎ.టి.పి.ని మరల నిలబెట్టును. ఆ చేబదులు కూడ పూర్తి బలముతో చేయు పనికి పది సెకండ్లకు మించి రాదు. కావున నూరు మీటర్ల పరుగు, బరువునెత్తు ఒక్క ఊపు, కబడ్డీలో పట్టు విడిపించుకొను పెనుగులాట, వీటికి అది అక్కరకు వచ్చును; మైళ్ళకొలది పరుగునకు దానివలన ఒరుగునది స్వల్పము.

డెబ్బది కిలోల మనిషిలో ఇంచుమించు 120 గ్రాముల క్రియేటిన్ ఉండును. అందు నూటికి తొంబదియైదు పాళ్ళు కండరములలోనే. రోజుకు ఒకటి రెండు గ్రాములు క్రియేటినిన్‌గా మారి మూత్రములో పోవుచుండును. ఆ లోటులో కొంత మన కాలేయము, మూత్రపిండములు తయారుచేయును. మిగిలినది మాంసము, చేపల నుండి వచ్చును. పచ్చిమాంసము కిలోకు నాలుగైదు గ్రాములు మాత్రమే ఉండును. అందుచేత శాకాహారుల కండరములలో నిల్వ కొంచెము తక్కువ. డబ్బాలలోని పొడి పశుమాంసము నుండి తీసినది కాదు. సార్కోసిన్, సయనమైడ్ అను రసాయనములను కలిపి కర్మాగారములో చేసినది. కాబట్టి శాకాహారి సందేహమునకు, హలాల్ సందేహమునకు పొడి విషయములో ఒకటే సమాధానము. గొట్టపు మాత్రలుగా అమ్మునప్పుడు మాత్రము పై తొడుగు జెలటిన్ కావచ్చును. దానిని చదివి చూచుకొనవలెను.

నిషేధము మాట కూడ తేలవలెను. 1992లో హారిస్, హల్ట్‌మన్ మొదలగువారు, రోజుకు 20 గ్రాముల చొప్పున కొద్దిరోజులు పుచ్చుకొన్నచో కండరములోని నిల్వ పెరుగుచున్నదని నిరూపించిన తరువాతనే ఇది క్రీడాలోకములో వ్యాపించినది. ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ నిషిద్ధ జాబితాలో ఇది లేదు. 2017లో అంతర్జాతీయ క్రీడాపోషణ సంఘము, తీవ్రమైన వ్యాయామ సామర్థ్యమును పెంచు ఆహారానుబంధములలో క్రియేటిన్ మోనోహైడ్రేట్‌ను మొదటి స్థానమున నిలిపినది. రోజుకు 3 నుండి 5 గ్రాములు చాలును. తొలిరోజులలో శరీరపు బరువు కిలో, రెండు కిలోలు పెరుగుట కండ కాదు, కండలోనికి చేరిన నీరు. పొడి త్రాగి కూర్చున్నవానికి భుజము పెరుగదు; దాని ఆసరాతో ఇంకొక రెండుసార్లు బరువు నెత్తినవానికే ఫలితము. కొందరికి అదియును కనిపించదు.

ఆ కుర్రవానికి మేము చెప్పిన మాట వేరు. పొడి కొరకు పూట కూడు మానుట తెలివిమాలిన బేరమని నిష్ఠూరముగానే చెప్పినాము. అన్నము, పప్పు, గ్రుడ్డు, చేప లేని కండను ఏ పొడియును నిలుపలేదు. మరియొక మాట. పుచ్చుకొన్న క్రియేటిన్‌లో కొంత క్రియేటినిన్‌గా మారుటచేత రక్తపరీక్షలో ఆ అంకె పెరుగవచ్చును. మూత్రపిండముల ఆరోగ్యమును వైద్యులు ఆ అంకెను బట్టియే చూచెదరు. దానిని రంగుతో కొలుచు పద్ధతిని 1904లో నిర్మించినవారు సుబ్బారావుగారి శాఖాధిపతి ఫోలిన్ గారే. ఆరోగ్యవంతునికి ఆ స్వల్పమైన పెరుగుదల వ్యాధి కాదు గాని, వైద్యునికి పొడి సంగతి దాచినచో ఆయన పొరబడును. మూత్రపిండములు ముందే చెడియున్నవారు దీని జోలికి పోరాదు. మనకు ఎగువనున్న శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో ఎందరో ఆ జబ్బుకు లోనగుచుండగా, రోగము తన ఇంట ఉన్నదో లేదో తెలియకుండ డబ్బా తెరచుట సాహసము. పరీక్ష చేయించుకొని రమ్మనగా వాని ముఖము చిన్నబోయినది. తండ్రికి ఆ జబ్బు ఉన్నదని అప్పుడు చెప్పినాడు. మేము మరేమియు మాటాడలేకపోయినాము.

సుబ్బారావుగారి కథ ఇంకను మిగిలియున్నది. 1930లో హార్వర్డు డాక్టరేటు ఇచ్చినది కాని స్థిరమైన ఆచార్య పదవి ఈయలేదు. పదేండ్లు కాలేయసారముతోను, రక్తహీనతతోను కుస్తీ పట్టి, 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, అనతికాలములో పరిశోధనాధిపతి అయినారు. అక్కడ ఆయన ఆధ్వర్యమున ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసినారు. స్ప్రూ రోగులకు పోయిన రక్తమును తిరిగి తెప్పించు మందు అది. అన్న పోయిన పాతికేండ్ల మీదట తమ్ముని చేతికి వచ్చినది. ఆ ఫోలిక్ ఆమ్లమునే కొంచెము మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పసిపిల్లలకు 1948లో కొంతకాలపు ఉపశమనమైన కలిగించినాడు. దాని సంతతిలోనిదే నేటి మెథోట్రెక్సేట్. 1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలునకు మందు. మన కోస్తా జిల్లాలలో ప్రభుత్వమువారు ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. ఏటికొప్పాకలో దానిని మ్రింగినవారిలో ఎందరికి ఆ పేరు తెలియునో! డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడ ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే.

అమెరికా పౌరసత్వము ఆయన పుచ్చుకొనలేదు. స్వదేశమునకును తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయినారు. వయసు యాబదిమూడు. స్వతంత్ర భారతమునకు అప్పటికి ఏడాది నిండనేలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టినారు. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ ఒక బిళ్ళ వెలువరించినది.

ఆయన ఓడ ఎక్కిన తరువాత పుట్టిన కుమారుడు పసితనములోనే గతించినాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. శేషగిరిగారు ఇరువదియైదేండ్లకు దరిదాపుగా ఎదురుచూచి, భర్తను మరల చూడకయే, ఆ ఆగస్టు నెలలో మరణవార్తను విన్నారు.